విశ్రాంత శకటం



చాలా రోజుల తరువాత ఈ పుటలో వ్రాస్తున్నాను. కంటి శుక్లాలకు శస్త్రచికిత్స జరిగి కొన్నాళ్లు తెరకు దూరంగా ఉండవలసి రావడం ఒక కారణం. రెండవ కారణమే ఈనాటి టపాకు విషయం.

మా మేనకోడలి కొడుకు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను తాతయ్యా అని పిలుస్తాడు, వరుసకు తాతనే. అతడు గడచిన చలికాలంలో ఒక పాత అంబులెన్సును వేలంలో కొన్నాడు. అక్కడి కొండప్రాంతపు అగ్నిమాపక దళంవారు పదేళ్లకు పైగా వాడి, ఇక చాలునని పక్కన పెట్టిన బండి అది. దానిని నివాసయోగ్యంగా మార్చుకొని, దారీ తెన్నూ లేని కొండలలో, ఎడారులలో సెలవు దినాలు గడపాలని అతడి సంకల్పం. ఫోటోలు పంపి, "తాతయ్యా! దీనికి మంచి తెలుగు పేరు పెట్టి పంపండి. అచ్చతెలుగైనా సరే, సంస్కృతమైనా సరే, మా స్నేహితులకు నోరు తిరిగితే చాలు" అని కోరాడు.

ముప్పది అయిదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడిని. పిల్లలకూ, ఇళ్లకూ, గోడపత్రికలకూ, ఒక పర్యాయం పాలకేంద్రానికీ పేర్లు పెట్టినవాడిని. ఈ బండికి పేరు పెట్టడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. మనుషులు ప్రాణాలతో పెనుగులాడిన చోట పక్క వేసుకొని పడుకోవడమేమిటని మనసు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. దానిని దాని చోట చెబుతాను. పంతులుకు సందేహం కలిగితే చేయగల పని ఒకటే కదా, పుస్తకాలు తిరగవేయడం. అట్లా తిరగవేస్తే తెలిసినదేమంటే, అంబులెన్సును ఇల్లుగా మార్చుకోవడం మావాడి తరం వింత కాదు, నూట అరవై యేండ్ల నాటి పని. ఆ పనిలో ఒప్పు ఏదో, తప్పు ఏదో కూడా ఆనాడే తేలిపోయింది.

మొదట మాట సంగతి. వృత్తిధర్మం, విడిచిపెట్టలేను. లాటిను భాషలో 'అంబులారె' అంటే నడచుట. దాని నుండి ఫ్రెంచివారు సైన్యం వెంట కదలివెళ్లే ఆసుపత్రిని 'నడిచే ఆసుపత్రి' అన్నారు. కాలక్రమాన ఆసుపత్రి అనే విశేష్యం రాలిపోయి విశేషణమే నామవాచకమై కూర్చున్నది. అంటే నడవలేనివారిని మోసే బండికి నడక పేరు నిలిచింది! మన పద్ధతిలో చెప్పాలంటే అది 'జంగమ వైద్యశాల'. చేతిఫోనుకు జంగమవాణి అని పేరు పెట్టుకొని మురిసిన తెలుగు బ్లాగుల తొలినాళ్లు గుర్తున్నవారికి ఈ మాట కొత్తగా తోచదు. స్థావరం, జంగమం అని మనవారు సృష్టినే రెండుగా విడదీశారు. ఇల్లు స్థావరం, బండి జంగమం. ఇల్లే బండి అయితే ఏ గదిలో వెయ్యాలి? ఈ చిక్కు అంబులెన్సుకు పుట్టుకతోనే ఉన్నది. కదిలే ఆసుపత్రి అన్నప్పుడే కదిలే ఇంటికి సగం పునాది పడిపోయింది.

ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో, రైను నదీతీరపు సైన్యంలో డొమినిక్ జాఁ లారే అనే యువ శస్త్రవైద్యుడు ఉండేవాడు. అప్పటి నియమం ప్రకారం వైద్యపు బండ్లు యుద్ధరంగానికి ఒక లీగు దూరాన, అంటే సుమారు ఒక కోసెడు దూరాన నిలవాలి. యుద్ధం ముగిసిన తరువాత గాని అవి కదలవు. ఈలోగా గాయపడినవాడు ఒక పగలూ ఒక రాత్రీ, ఒక్కొక్కప్పుడు అంతకు మించీ, పడినచోటనే పడి ఉండేవాడు. గుర్రాలు పూన్చిన తేలిక ఫిరంగిదళం మెరుపులాగ రంగమంతా తిరగడం చూసి లారేకు ఒక ఆలోచన తట్టింది. చంపే ఫిరంగి అంత వేగంగా పోగలిగినప్పుడు బ్రతికించే బండి ఎందుకు పోలేదు? అప్పుడు పుట్టినవే 'ఎగిరే అంబులెన్సులు'. రెండు చక్రాల తేలికబండి, రెండు గుర్రాలు, కమానుల మీద వ్రేలాడే మూసిన పెట్టె, గాలికి కిటికీలు, లోపలి గోడలకు మెత్త, ఇద్దరు పడుకునేటంత చోటు. పరుపును చిన్న చక్రాల మీద బయటికి లాగి, మనిషిని పడుకోబెట్టి, మళ్లీ లోపలికి నెట్టవచ్చును. 1797లో ఇటలీ దండయాత్ర నాటికి ఇవి ఒక క్రమమైన దళంగా ఏర్పడ్డాయి.

ఈ వర్ణన చదివినప్పుడు మావాడు పంపిన ఫోటోలు మళ్లీ చూశాను. మూసిన పెట్టె, మెత్తని గోడ, జారే పడక, కుదుపు తగ్గించే కమాను. రెండు శతాబ్దాలు గడచినా లక్షణాలు అవే. రోగికి కావలసినవి నిద్రించేవాడికి కూడా కావాలి.

లారే నెపోలియను వెంట 1798లో ఈజిప్టుకు వెళ్లాడు. ఇసుకలో చక్రం దిగబడుతుంది. అందుచేత ఒంటెకు రెండు వైపులా మనిషి పొడవున పెట్టెలు కట్టించి గాయపడినవారిని మోయించాడు. దారిలేని చోటికి తగినట్లు బండిని మార్చుకోవడమనే విద్యకు అదే ఓనమాలు అనుకోవచ్చును. ఈయన మరొక సూత్రం పాటించాడు: ముందు చికిత్స గాయం తీవ్రతను బట్టి గాని హోదాను బట్టి కాదు. శత్రువైనా సరే. సేనాపతి చేతి గీత కన్న సిపాయి తెగిన కాలు ముందు. ఇది వినడానికి సులువు. ఈ ఒక్క సూత్రం కోసమే తరువాతి శతాబ్దమంతా పెనుగులాట జరిగింది.

మన దేశంలో చక్రం కన్న భుజమే నమ్మకమైనది. ఇక్కడ ఇంగ్లీషు సైన్యాలకు అంబులెన్సు అంటే డోలీయే. ఒక్కొక్క డోలీకి బోయీల జట్టు. ఒక నవ్వుటాల కథ ఉన్నది. డోలీలు వచ్చి క్షతగాత్రులను ఎత్తుకుపోయాయని సీమకు వార్త వెళితే, ఆ పెద్దమనుషులు డోలీలంటే ఎవరో కొండల మీది క్రూరజాతి కాబోలునని ఉలిక్కిపడ్డారట! 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఈ హాస్యాన్ని తలచుకున్నది. నిఘంటువులు చదివితే నవ్వు రాదనేవారికి ఇది నా సమాధానం.

ఆ భుజాలలో తెలుగు భుజాలు కూడా ఉన్నాయి. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరినది మొదలు, అయిదు దశాబ్దాల పాటు మనవారు, తమిళులు, ఉత్తరాదివారు అక్కడి చెరకు తోటలకు గిర్మిటియాలుగా తరలిపోయారు. 1899లో బోయరు యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు భారతీయుల అంబులెన్సు దళాన్ని కూడగట్టారు. సుమారు 1,100 మంది. వారిలో ఎక్కువమంది ఈ తోటల కూలీలే. స్పయన్ కాప్ కొండ దగ్గర బండి చక్రాలు పోలేని రాళ్లనేల మీద, ఒక్కొక్క రోజు 20, 25 మైళ్లు గాయపడినవారిని మోసుకుంటూ నడిచారు. గాంధీగారి పేరు అందరికీ తెలుసు. మోసినవారి పేర్లు చరిత్రలో దొరకడం కష్టం.

ఇక అమెరికాకు పోదాము. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలైనప్పుడు సైన్యానికి రెండు చక్రాల అంబులెన్సులు ఇచ్చారు. వాటి కుదుపు భరించలేక సిపాయిలు వాటిని 'ఎవలాంచి' అని పిలిచారు, అంటే కొండ మీది నుండి విరుచుకుపడే మంచుపెళ్ల. అంబులెన్సు అనే మాట నోరు తిరగకపోవడమూ, ఒళ్లు హూనం కావడమూ కలిసి ఈ పదం పుట్టింది. లోకంలో శ్లేష అలంకారం పండితుల సొత్తు కాదని నేను పిల్లలకు చెప్పేవాడిని, దానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ బండ్లు వైద్యుల అధీనంలో ఉండేవి కావు. సామాన్లు, గుర్రాలు, దాణా చూసే సరఫరా విభాగం చేతిలో ఉండేవి. తోలేవారు కూలికి వచ్చిన పౌరులు, యుద్ధశిక్షణ లేనివారు. కమానులున్న బండి, పైన గుడారపు గుడ్డ, కూర్చోవడానికి మెత్తని బల్ల! మరి ఊరక ఉంటారా? అధికారులు వాటిని తమ సొంత ప్రయాణాలకు, షికార్లకు, సామాను చేరవేయడానికి వాడుకున్నారు. 1862 ఆగస్టు చివర బుల్ రన్ దగ్గర జరిగిన రెండవ యుద్ధంలో దాని ఫలితం కనబడింది. తోలేవారు చాలామంది పారిపోయారు. గాయపడినవారు రోజుల తరబడి పొలాలలో పడి ఉన్నారు.

అంతకు కొద్ది వారాల ముందే, ఆగస్టు 2న, మరొక సైన్యంలో జోనథన్ లెటర్‌మన్ అనే వైద్యాధికారి చెప్పిన పద్ధతిని సేనాపతి మక్లెల్లన్ ఆజ్ఞగా వెలువరించాడు. అంబులెన్సులన్నీ వైద్యవిభాగం మాట వినాలి. వాటికి వేరే శిక్షణ పొందిన మనుషులుండాలి. రోగులకు తప్ప మరి దేనికీ వాటిని వాడరాదు. సెప్టెంబరు 17న ఆంటీటమ్ యుద్ధం జరిగింది. ఒక్కరోజులో అమెరికా చూసిన అత్యంత ఘోరమైన రక్తపాతం అది. అయినా ఆ సైన్యపు క్షతగాత్రులలో ఎక్కువమందిని సుమారు ఒక దినంలో రంగం నుండి తొలగించగలిగారు. అవే బండ్లు, అవే గుర్రాలు. ఎవరి చేతిలో ఉన్నాయన్నదే తేడా.

బోస్టను నగరపు వైద్యుడు హెన్రీ బౌడిచ్ ఈ పద్ధతి దేశంలోని సైన్యాలన్నిటికీ చట్టం కావాలని 1862 నుండి పోరాడాడు. అధికారులు వినిపించుకోలేదు. 1863 మార్చి 17న కెల్లీస్ ఫోర్డు అనే రేవు దగ్గర ఆయన కొడుకు, అశ్వికదళంలో లెఫ్టినెంటు నథానియల్, గాయపడి పడిపోయాడు. మోసుకుపోవడానికి అంబులెన్సు లేకపోయింది. మరునాడు మరణించాడు. ఆ తండ్రి అప్పటినుండి వ్రాసిన ప్రతి విన్నపంలోనూ కొడుకు మరణం సాక్ష్యమైంది. 1864 మార్చి 11న చట్టం వచ్చింది.

ఈ బౌడిచ్ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాని చోట చెబుతానన్న కారణం ఇక్కడ చెప్పాలి.

1969లో నాకు పదకొండేండ్లు. మాది ఏరు దాటితే గాని కంకరరోడ్డు లేని ఊరు. మా అక్కయ్య తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. శ్రావణమాసం, ముసురు. సాయంకాలానికి మంత్రసాని చేతులెత్తేసింది. పట్టణంలో ఆసుపత్రికి ఒక వ్యాను ఉండేది. మా చిన్నాన్న సైకిలు భుజాన వేసుకొని ఏరు దాటి, పది మైళ్లు తొక్కుకుంటూ వెళ్లాడు. వ్యాను లేదు. ఒక అధికారిగారి ఇంటివారు దానిలో పెళ్లికి వెళ్లారు. రేపు సాయంత్రానికి వస్తుందన్నారు. ఊరి పేరు గాని, ఆయన పేరు గాని వ్రాయను. ఆయన పోయి చాలా కాలమైంది, ఆయన పిల్లలలో ఒకడు నా దగ్గర చదువుకున్నాడు కూడా.

ఎడ్లబండి ఎక్కిస్తే కుదుపుకు అక్కయ్య కేకలు భరించలేక దింపివేశారు. నులకమంచానికి వెదురు గడలు కట్టి నలుగురు ఎత్తుకున్నారు. ఇంకో నలుగురు మార్చుకోవడానికి వెంట నడిచారు. లాంతరు పట్టుకొని ముందు నడిచినవాడిని నేను. ఏరు దాటిన తరువాత, చింతతోపు దగ్గర మంచం దింపారు. అక్కడే పిల్ల పుట్టింది. తెల్లవారి ఆసుపత్రి చేరేసరికి పిల్ల మాత్రమే మిగిలింది. ఆ పిల్లే మా మేనకోడలు. అంబులెన్సు కొన్నవాడు ఆమె కొడుకు.

అందుచేత అంబులెన్సును విహారానికి వాడుతానని మావాడు వ్రాసినప్పుడు నాకు తోచినది చావు మైల ఒక్కటే కాదు. ఆ పెళ్లిబృందం తోచింది. దానికీ దీనికీ పోలిక లేదని బుద్ధికి తెలుసు. బుద్ధికి తెలిసినదంతా మనసుకు ఎక్కడానికి పుస్తకాలు కావలసివచ్చాయి, నా వంటివాడికి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. అంతర్యుద్ధం 1865 వసంతంలో ముగిసింది. ఆ వేసవిలో జనరల్ కస్టరు తన అశ్వికదళంతో లూసియానాలోని అలెగ్జాండ్రియా నుండి టెక్సాసులోని హెంప్‌స్టెడ్‌కు బయలుదేరాడు. దారి అనదగిన దారి లేదు. అడవి. భార్య ఎలిజబెత్ వెంట వస్తానన్నది. ఆమె కోసం ఒక అంబులెన్సును ప్రయాణపు ఇల్లుగా మార్చారు. ఆ వివరాలు ఆమె 1887లో ప్రచురించిన 'టెంటింగ్ ఆన్ ది ప్లెయిన్స్' అనే పుస్తకంలో వ్రాసుకున్నది. లోపల నీరు దిగని గుడ్డ వేశారు. బల్లలను కావలసినట్లు జరపవచ్చును. వాటి తోలు వీపులను పట్టీలు విప్పి పరిస్తే పడక అవుతుంది. కుట్టుపనికి, పుస్తకానికి ఒక జేబు. భోజనానికి ఒక పెట్టె. చేతిసంచి, శాలువ కాలికి అడ్డం రాకుండా పక్కన కట్టుకునే ఏర్పాటు. ఒక సిపాయి ముచ్చటపడి ఆమె మంచినీళ్ల సీసాకు తోలు తొడుగు కుట్టి, దాని మీద ఆమె పేరు కూడా దిద్దాడట.

మిత్రులారా, ఈ జాబితాను నేను మావాడికి చదివి వినిపించాను. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తరువాత, "తాతయ్యా, నా కాగితం మీద ఉన్నవి కూడా ఇవే" అన్నాడు.

యుద్ధానంతరం పడమటి ప్రాంతాలలోని సైనిక స్థావరాలలో అంబులెన్సు అంటే రోగుల బండి అనే అర్థం వెనుకబడి, కంచరగాడిదలు లాగే కమానుల ప్రయాణపు బండి అనే అర్థం ముందుకు వచ్చింది. అధికారుల కుటుంబాలు వారాల తరబడి వాటిలో పోయేవి. మార్తా సమ్మర్‌హేస్ అనే సైనికాధికారి భార్య 1874లో అరిజోనాకు అట్లా వెళ్లింది. మరుసటి సంవత్సరం తొమ్మిది వారాల పసివాడితో అంబులెన్సులోనే ఆ ఎడారులు, కనుమలు దాటింది. ఒక కనుమలో అపాచీలు పొంచి ఉంటారన్న భయంతో భర్త ఆమెను పిల్లవాడితో సహా బండి అడుగున పడుకోమని, చిన్న పిస్తోలు చేతికి ఇచ్చి, ప్రాణాలతో చిక్కవద్దని చెప్పాడు. 1908లో వచ్చిన ఆమె స్మృతులలోని ఈ ఘట్టం చదివితే గుండె ఝల్లుమంటుంది. బాలింతను గురించి చదివినప్పుడు నాకు చింతతోపు గుర్తుకు రాకపోదు కదా.

అయితే ఆ నేల అపాచీలది. ఆ బండి వెళ్లినది వారి ఇంటిలోకి. ఆ తల్లి భయం నిజమే, బండి వెలుపల కొండ మీద తమ బిడ్డలతో పొంచి ఉన్నవారి భయమూ నిజమే. కస్టరు కూడా 1876లో లిటిల్ బిగ్ హార్న్ దగ్గర స్థానిక జాతుల చేతిలోనే మరణించాడు. విహారపు బండి ఎవరి భూమి మీద విహరిస్తున్నదో అడగకుండా దాని చరిత్ర వ్రాయడం సగం వ్రాయడమే. మావాడి కొలరాడో కొండలు కూడా ఒకప్పుడు యూట్ జాతివారివి. ఆ మాట కూడా అతడికి చెప్పాను.

మోటారు కాలాన్ని త్వరగా దాటిస్తాను, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఆ మొదటి కథ మళ్లీ మళ్లీ జరగడమే. 1915లో ఫ్రాన్సులో పనిచేసిన అమెరికను ఫీల్డ్ సర్వీసు యువకులు ఫోర్డు మోడల్-టి అంబులెన్సులను, అంతవరకు కంచరగాడిదలు మాత్రమే ఎక్కిన వోజ్ పర్వతాల దారులలో నడిపారు. బండి ఖాళీగా ఉన్న రాత్రి దానిలోనే రోగుల స్ట్రెచరు మీద నిద్రపోయేవారు. తమాషా ఏమంటే, రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ సంస్థే రూపం మార్చుకొని 1947 నుండి దేశాల మధ్య విద్యార్థులను పంపే సంస్థ అయింది. బండ్లే కాదు, బండ్లు నడిపిన సంస్థ కూడా విశ్రాంతి తీసుకొని విహారంలో పడింది.

ఆ రెండవ యుద్ధంలో డాడ్జి కంపెనీ 1942 నుండి 1944 దాకా నాలుగు చక్రాలూ తిరిగే ఉక్కు అంబులెన్సులను సుమారు 26,000 తయారుచేసింది. 'మాష్' అనే టీవీ ధారావాహిక చూసినవారు ఆ బండిని చూసే ఉంటారు. యుద్ధం ముగియగానే మిగులు సామగ్రి కింద అవి చవకగా జనం చేతికి వచ్చాయి. వేటకు, చేపలకు, కొండలకు పోయేవారి ఇళ్లయినాయి. జర్మనీలో 1950లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకు మరుసటి సంవత్సరమే రెండు రూపాలు వచ్చాయి. ఒకటి కర్మాగారం చేసిన అంబులెన్సు. రెండవది వెస్ట్‌ఫాలియా అనే సంస్థ చేసిన 'క్యాంపింగు పెట్టె', దానిని లోపల దింపుకుంటే వ్యాను వారాంతపు ఇల్లు. ఒకే తల్లికి ఒకే యేడు కవలలు. అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక మావాడి బండి. దాని వెనుక పెట్టె అల్యూమినియంతో అతికినది, అడుగుచట్రం మీద రబ్బరు దిమ్మల పైన కూర్చున్నది. ఇటువంటి పెట్టెలను, కింది బండి అరిగిపోతే ఎత్తి కొత్త బండి మీద పెడతారట. జీర్ణదేహాన్ని విడిచి కొత్త దేహాన్ని పొందే జీవుడని అనిపించి నవ్వుకున్నాను. లోపల ఆరడుగుల మనిషి నిలబడవచ్చును. పరిచారకుడు కూర్చునే పొడుగాటి బల్లకు పలక జోడిస్తే మంచం. రోగి వెన్నుపలకను నిలబెట్టే సన్నని అరలో మడత బల్ల. ఆక్సిజను సిలిండరు ఉండే బయటి అరలో నీళ్ల పీపా. పక్క అరలలో పార, తాళ్లు, పొయ్యి. మందుల అలమారలకు జారే పారదర్శకపు తలుపులు ఉన్నాయి కనుక వంటసామాను గతుకులలో కింద పడదు. వైద్యపరికరాల కోసం పెట్టిన జంట బ్యాటరీలు, పెద్ద ఆల్టర్నేటరు, బండి నిలిపినప్పుడు గోడ నుండి కరెంటు ఎక్కించే తీగ, అన్నీ ముందే ఉన్నాయి. పైన సౌరఫలకం ఒకటి చేర్చాడు. ఉన్నదానికి చేర్చింది తక్కువ. ఉన్నదానికి పేరు మార్చిందే ఎక్కువ.

కష్టాలు లేకపోలేదు. బండి బహు బరువు, ఎత్తు ఎక్కువ, పక్కవాటుగా ఉన్న కొండవాలు మీద ఒరుగుతుందేమోనని భయం. వెనుక వైపు జంట చక్రాలు. వాటి మధ్య రాళ్లు ఇరుక్కుంటాయి. పైగా ముందు చక్రాల జాడలో అవి నడవవు, బురదలో, ఇసుకలో తమ దారి తామే కోసుకోవాలి, దానితో ఇంజను రొప్పుతుంది. ఆ జంటలు తీసివేసి వెడల్పాటి ఒంటి చక్రాలు వేయించాడు. ఇసుకలో పోయేటప్పుడు టైర్లలో గాలి తగ్గించాలట, టైరు పరచుకొని దిగబడకుండా ఉంటుందట. లారే దొర ఒంటె పాదం కూడా అటువంటిదే కదా అన్నాను.

ఎర్రదీపాలు, సైరను తీసివేశారు, అది నియమం. రక్షక చిహ్నమైన నీలి నక్షత్రం కూడా తొలగించాలి. బండి ముందు భాగంలో 'అంబులెన్సు' అనే మాటను అద్దంలో చదువుకోవడానికి తిరగేసి వ్రాస్తారు కదా, అది కూడా గీకివేశాడు. అయితే అంటించిన కాగితం తీసినా, దాని కింది రంగు ఎండకు వెలవలేదు కనుక అక్షరాల నీడలు, నక్షత్రపు నీడ అట్లాగే నిలిచి ఉన్నాయి. ఎంత తోమినా పోలేదట. "పోనక్కరలేదు, ఉండనీ" అన్నాను.

మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది. ఇప్పుడు పల్లెలో అంబులెన్సు అంటే తెలియనివాడికి కూడా 'నూట ఎనిమిది' తెలుసు. అయినా మన్యంలో, రోడ్డు లేని గూడేల నుండి గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చిన వార్త ఇప్పటికీ పత్రికలో చదువుతూనే ఉన్నాము. మావాడి బండి వంటిది అక్కడ దిగితే ఎంత బాగుండును అనుకోకుండా ఉండలేను. అతడితోనూ అన్నాను. చిన్నబుచ్చుకోలేదు. "సముద్రం దాటించలేను తాతయ్యా. ఇక్కడ మంచు పడ్డ రోజుల్లో ఎవరికైనా దారి తెగితే పిలవమని అగ్నిమాపక దళంవారికి నా నంబరు ఇచ్చి వచ్చాను" అన్నాడు.

ఆ రోజే అతడికి చింతతోపు సంగతి చెప్పాను. అమ్మ పుట్టుక గురించి అతడికి అంతవరకు తెలియదు. వాళ్లమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పెళ్లికి వెళ్లిన వ్యాను సంగతి విని, "మరి నా బండి..." అని ఆగిపోయాడు. "నీది పని ముగించుకొని వచ్చిన బండి. దానిది ముగియకుండానే తీసుకుపోయారు" అన్నాను. లెటర్‌మన్ ఆజ్ఞ కూడా అంతే చెప్పింది.

పేరు విషయం. మొదట 'విశ్రాంత' అని పంపాను. నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, అది విశ్రాంత శకటం. అర్థం, శబ్దం రెండూ కుదిరాయి. మావాడు దానిని అంటుకాగితం మీద అక్షరాలు కోసే దుకాణానికి పంపాడు. ఆ యంత్రానికి మన యూనికోడు ఒంటబట్టలేదు. శకారం ఒకచోట, పొల్లు గీత ఒకచోట, రకారం వేరొకచోట పడి, పేరు మూడు ముక్కలైంది. మొదటి రోజులలో మన టపాలు పాత కంప్యూటర్లలో ఎట్లా విరిగి కనబడేవో సరిగా అట్లాగే. ఒత్తులు లేని పేరు చెప్పండి తాతయ్యా అన్నాడు.

'డోలిక' అని పంపాను. ఉయ్యాల అని అర్థం, పల్లకి అని కూడా. డోలాయమానం అంటాము కదా, ఆ డోల నుండి వచ్చినది. ఒత్తు లేదు.

మా మేనకోడలు ఈ నెలలో కొడుకు దగ్గరకు వెళ్లింది. నిన్న ఫోటో పంపింది. బండి పక్కతలుపు మీద, నక్షత్రపు నీడ పక్కన, నీలిరంగు అక్షరాలు. 'లి' గుడి కొద్దిగా కుడికి జరిగింది. మళ్లీ కోయించమంటారా అని మావాడు అడిగాడు. అక్కరలేదన్నాను. ఆదివారం తల్లిని ఎక్కించుకొని కొండల మీదికి పోతున్నాడట. ఆమె వెనుక పడక మీద పడుకొని చూసిందట. కుదుపు ఉన్నది గాని పెద్దగా లేదు మామయ్యా అన్నది.